దుకాణానికీ గేటుకూ మధ్య మిగిలిన నేల

చెన్నై సెంట్రల్ స్టేషన్లో నాకు బాగా తెలిసిన చోటు ఏదంటే, పట్టాలు వచ్చి ఆగిపోయే కొసకూ వీధివైపు గుమ్మాలకూ మధ్య అడ్డంగా పరుచుకుని ఉన్న పెద్ద హాలు. నెల్లూరు, గూడూరు, ఒంగోలు వైపు నుంచి మా ఇంటికి వచ్చే చుట్టాలను ముప్ఫై ఏళ్లుగా నేను కలుసుకునేది అక్కడే, సాగనంపేదీ అక్కడి నుంచే. తెల్లవారుజామున వెళ్తే ఆ హాలులో తమిళంతో సమానంగా తెలుగు వినిపిస్తుంది. రోడ్డు దాటితే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది కాబట్టి, ఎక్స్‌రే కవర్లు, రిపోర్టుల ఫైళ్లు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకుని రాత్రి రైలు దిగినవాళ్లు ఓపీ తెరిచేదాకా అక్కడే కూర్చుంటారు. షావుకారుపేటలో సరుకు కొనుక్కుని పోవడానికి వచ్చిన చిన్న వ్యాపారులు మూటలకు ఆనుకుని కునుకు తీస్తుంటారు. బల్లలు ఉన్నాయి గానీ అందరికీ చాలవు, చాలని వాళ్లు దుప్పటి పరుచుకుని నేల మీద కూర్చుంటారు. హోటల్లో గది తీసుకునే స్తోమత లేనివారికీ, ఉన్నా నాలుగు గంటల కోసం ఎందుకులే అనుకునేవారికీ ఆ నేలే విడిది.

కొత్తగా కట్టే పెద్ద స్టేషన్లలోనూ, పాతవాటిని బాగుచేసే ప్రణాళికల్లోనూ ఈ నేల తరిగిపోతోంది. ఒకవైపు నుంచి దుకాణాలు, మరోవైపు నుంచి టికెట్ గేట్లు దాన్ని కొరుక్కుంటూ వస్తున్నాయి. మనం మాత్రం దుకాణాల సంగతి ఆదాయం లెక్కల్లోనూ, గేట్ల సంగతి భద్రత లెక్కల్లోనూ విడివిడిగా మాట్లాడుకుంటున్నాం. ఇవి రెండూ ఒకే ప్రశ్నలోని భాగాలని నా అభిప్రాయం. గేటు ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టే దుకాణం ఎవరి కోసం నడుస్తుందో, నేల ఎవరికి దక్కుతుందో తేలిపోతుంది.

ముందుగా ఆ హాలు అక్కడ ఎందుకుందో చెప్పాలి. సెంట్రల్ 1873లో తెరుచుకుంది. జార్జ్ హార్డింగ్ వేసిన నమూనాకు రాబర్ట్ చిజమ్ మార్పులు చేసి, ఇప్పుడు నగరానికి గుర్తుగా నిలిచిన ఆ ఎర్ర భవనానికి రూపమిచ్చాడు. అక్కడితో పట్టాలు ముగుస్తాయి. అందువల్ల ప్లాట్‌ఫారాల మొదళ్లన్నీ ఒకే వరుసలో హాలులోకి తెరుచుకుంటాయి, వీధిలోంచి వచ్చినవారు ఒక్క మెట్టు వంతెన కూడా ఎక్కకుండా ఏ రైలు దగ్గరికైనా నడిచి వెళ్లగలరు. పట్టాలు స్టేషను గుండా సాగిపోయే విజయవాడ, న్యూఢిల్లీ వంటి చోట్ల ఈ వెసులుబాటు లేదు, అక్కడ చాలామంది వంతెనలూ మెట్లూ పట్టుకుని వెళ్లాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న మా పెద్దమ్మకు ఈ తేడా ఏ ఇంజనీరు చెప్పకుండానే తెలుసు.

ఇక అంకెలు. పదహారు పెట్టెల వందేభారత్ రైలులో 1,128 సీట్లుంటాయి. కొత్త రకం స్లీపర్ పెట్టెలో 80 బెర్తులు, అలాంటివి ఇరవై ఉన్న రైలంటే రిజర్వేషను ఉన్నవాళ్లే 1,600 మంది, జనరల్ పెట్టెల్లో నిలబడి వచ్చేవారు అదనం. అలాంటి రెండు రైళ్లు పది నిమిషాల తేడాతో వచ్చి, అదే సమయానికి మూడో రైలు ఎక్కవలసినవాళ్లు హాలులో బోర్డుకేసి చూస్తూ నిలబడి ఉంటే, ఉదయం పదకొండు గంటలకు ఖాళీగా కనిపించిన ఆ నేల అప్పుడు ఎందుకు పనికొస్తుందో అర్థమవుతుంది. చెరువుకు కలుజు, అంటే నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే దారి, ఎందుకుంచుతారో నెల్లూరు రైతుకు చెప్పనక్కర్లేదు. ఏడాదిలో పది నెలలు పొడిగా పడి ఉండే ఆ జాగాలో ఎవరైనా కొట్టు కట్టుకుంటే, వాన పడిన రాత్రి కొట్టొక్కటే పోదు, కట్టే తెగుతుంది. స్టేషనులోని ఖాళీ జాగాను రాబడి లేని జాగాగా లెక్కగట్టే కన్సల్టెంట్లు వానాకాలం చూడకుండా చెరువుకు విలువ కట్టినవాళ్లలాంటివారు.

దుకాణాలంటే నాకు పగ ఏమీ లేదు, రైల్వేకు డబ్బు అవసరమన్న సంగతీ కాదనను. మన టికెట్ మీదే అచ్చేసి ఉంటుంది కదా, ప్రయాణానికయ్యే ఖర్చులో సగటున 57 శాతమే ప్రయాణికుల నుంచి వసూలవుతోందని. మిగిలినదాన్ని సరుకు రవాణా మోస్తోంది. ఛార్జీలు పెంచకుండా కొంత అద్దెల రూపంలో రాబట్టుకోవాలనుకోవడం సబబే. అయితే స్టేషనులోని దుకాణాలన్నీ ఒక రకానివి కావు. 2023 నుంచి కొన్ని స్టేషన్లలో జనరల్ పెట్టెలు ఆగే చోటికి ఎదురుగా కౌంటర్లు పెట్టి, ఏడు పూరీలు, కూర 20 రూపాయలకు అమ్ముతున్నారు. రిజర్వేషను లేనివాడు సీటు పోతుందన్న భయంతో పెట్టె దగ్గర్నుంచి కదలలేడు కనుక తిండే అతని దగ్గరికి రావాలని ఎవరో ఆలోచించారు. ఆ ఆలోచన చేసినవారెవరో గానీ వారికి నమస్కారం. లీటరు రైల్ నీర్ సీసా 2025 సెప్టెంబరులో 15 రూపాయల నుంచి 14కు తగ్గింది, ఆ స్టాలు ప్రతి ప్లాట్‌ఫారం మీదా అవసరమే. దక్షిణాదిలో తరాల తరబడి హిగిన్‌బాథమ్స్ పుస్తకాల స్టాళ్లు ప్లాట్‌ఫారాల మీద ఉండేవి. నా చిన్నప్పుడు మా నాన్న రైలు ఎక్కేముందు తెలుగు వారపత్రిక కొనకుండా ఒక్కసారైనా వెళ్లలేదు. ఇవన్నీ ప్రయాణం చేసేవాడి అవసరం నుంచి పుట్టిన దుకాణాలు. గోడనానుకుని ఉంటాయి, రెండు నిమిషాల్లో పని ముగుస్తుంది.

ప్రయాణికుడి తీరిక మీద కన్నేసిన దుకాణాలు ఇంకో రకం. ఇవి గోడ దగ్గర నిలవవు. నడిచే దారి మధ్యలో ద్వీపంలా వెలుస్తాయి, ఎందుకంటే మనిషి తప్పుకుని వెళ్లవలసిన చోటే అతని చూపు పడుతుంది, అక్కడే అద్దె ఎక్కువ. అలాంటి స్టాలు ఆక్రమించేది తాను నిలబడిన పది అడుగుల చదరమే అనుకుంటే పొరపాటు. దాని ముందు క్యూ నిలబడుతుంది, క్యూ పక్కన పెట్టెలు నిలబడతాయి, వాటిని దాటడానికి వెనక వచ్చేవాళ్లు చుట్టు తిరుగుతారు. దాని మీద వెలిగే ప్రకటన బోర్డు, రైళ్ల వేళలు చూపే బోర్డుకు అడ్డం వస్తుంది. ఇదంతా మన దేశపు అలవాటు అనుకోనక్కర్లేదు. లండన్‌లోని యూస్టన్ స్టేషనులో రైళ్ల వేళలు చూపే పెద్ద బోర్డు ఉండే చోట ప్రకటనల తెర పెట్టి, వేళలను చిన్న తెరల మీదికి మార్చారు. జనం ఆ చిన్న తెరల చుట్టూ గుమికూడి, ప్లాట్‌ఫారం నంబరు పడగానే ఒక్కసారిగా పరుగెత్తడం నలుగురి నోళ్లలో పడి, చివరికి 2024 అక్టోబరులో ప్రకటనలు ఆపేయవలసి వచ్చింది. అదే నగరంలోని కింగ్స్ క్రాస్ స్టేషనులో 2012లో కట్టిన కొత్త హాలు చూడముచ్చటైనదే, టికెట్ గేట్లను హాలు దాటాక పెట్టారు కాబట్టి ఎవరైనా లోపలికి రావచ్చు. అయితే అక్కడ కూడా ఒక పిల్లల నవలలోని ఊహా ప్లాట్‌ఫారం పేరుతో గోడలో సగం తోపుడుబండి దిగేసి, దాని పక్కనే దుకాణం తెరిచారు. ఫోటో దిగడానికి వచ్చినవాళ్ల వరుస హాలులో ఒక భాగాన్ని ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. న్యూయార్కులో 2021 జనవరి 1న తెరిచిన మొయినిహాన్ హాలు మరో దారి పట్టింది: గాజు పైకప్పు కింద అంత విశాలమైన నేలలో బల్లలే వేయలేదు, కూర్చోవాలంటే టికెట్ చూపించి వేరే గదికి వెళ్లాలి. నేల ఉన్నంత మాత్రాన అందరిదీ అయిపోదని ఆ హాలు చూపిస్తుంది.

సెంట్రల్ పక్కనే మరో విచిత్రం ఉంది. లోకల్ రైళ్లు బయల్దేరే భవనాన్ని మనం మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అంటాం. అక్కడ 1900లో తెరిచిన నిజమైన మూర్ మార్కెట్ ఉండేది, పాత పుస్తకాల నుంచి పావురాల దాకా అన్నీ దొరికేవి, 1985లో అగ్నికి ఆహుతైంది. మార్కెట్టు పోయిన చోట స్టేషను కట్టిన మనమే, ఇప్పుడు స్టేషను లోపల మార్కెట్టు కట్టాలని ఉబలాటపడుతున్నాం.

ఇక గేటు విషయానికి వస్తాను. నా వాదన ప్లాట్‌ఫారం టికెట్‌తో మొదలవుతుంది. పది రూపాయలు, రెండు గంటలు. 2024లో జీఎస్టీ మండలి దీని మీద పన్ను కూడా తీసేయాలని నిర్ణయించింది. ఇంత చిన్న అట్టముక్కలో ఎంత పెద్ద ఒప్పుకోలు ఉందో మనం గమనించం. ప్రయాణం చేయని మనిషికి కూడా స్టేషనులో పని ఉంటుందని, ఆ పని పేరు సాగనంపడమో ఎదురెళ్లడమో అని రైల్వే దాని ద్వారా ఒప్పుకుంటోంది. మన ఇళ్లలో వచ్చిన చుట్టాన్ని వీధి మలుపు దాకా పంపించకుండా తలుపు వేసుకుంటే, ఆ మాట ఊళ్లో పదేళ్లు తిరుగుతుంది. సామాను సర్ది, నీళ్ల సీసా కిటికీలోంచి అందించి, పక్క సీటువాళ్లకు 'గూడూరులో కాస్త లేపండి' అని అప్పజెప్పి, రైలు కదిలాక నాలుగడుగులు దాని వెంట నడిస్తే గానీ మనకు సాగనంపినట్టు కాదు. దీన్ని ఆచారం అని తోసిపుచ్చేవారు ఒకసారి ఆలోచించాలి: కళ్లు సరిగా కనిపించనివారిని, చదవడం రానివారిని, ఆపరేషను చేయించుకుని వెళ్తున్నవారిని పెట్టె దాకా తీసుకువెళ్లే పని జీతం లేకుండా చేస్తున్నది ఈ పది రూపాయల మనిషే.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మూడేళ్ల కిందట మా పెద్దమ్మకు కంటి ఆపరేషను జరిగిన వారానికి ఆమెను రైలెక్కించడానికి ఒక పెద్ద స్టేషనుకు తీసుకువెళ్లాను. ఊరి పేరు, స్టేషను పేరు ఎందుకులెండి. పండగ రద్దీ వల్ల ఆ రోజు ప్లాట్‌ఫారం టికెట్లు ఇవ్వడం లేదన్నారు. వీధివైపు గుమ్మం దగ్గరే తాడు కట్టి, టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి పంపుతున్నారు. కంటికి పచ్చ గంత, చేతిలో మందుల సంచి ఉన్న మనిషిని చూపించి బతిమాలినా, అక్కడ నిలబడ్డ కుర్రాడు తన ఉద్యోగం తాను చేశాడు, అతన్ని తప్పు పట్టను. పెద్దమ్మ మాత్రం నా వైపు తిరిగి, "నువ్వు లోపలికి రాకూడదంటనా? నేనేంది నాయనా, సరుకా, ఈడ దించేసి పోయేదానికి?" అంది. ఆమె లోపల ఎవరినో అడుగుతూ, వేరే ప్లాట్‌ఫారం ఎక్కి, మళ్లీ దిగి, రైలు కదలడానికి రెండు నిమిషాల ముందు ఎవరో పుణ్యాత్ముడి చెయ్యి పట్టుకుని పెట్టె చేరిందని ఫోనులో తెలిసేదాకా నేను రోడ్డు మీద ఎండలో నిలబడి ఉన్నాను. తాడుకు అవతల హాలు దాదాపు ఖాళీగా కనిపిస్తోంది, ఇవతల రోడ్డు కిక్కిరిసి ఉంది. రద్దీని తగ్గించామని ఆ రోజు లెక్కల్లో రాసుకుని ఉంటారు. నిజానికి రద్దీ తగ్గలేదు, ఆటోల మధ్యకు మారింది.

భద్రత కోసం గేటును వీధి గుమ్మానికి తేవాలనేవారి వాదనలో బలం లేదని అనలేను. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషనులో కుంభమేళాకు వెళ్లే జనం మెట్ల దగ్గర తొక్కిసలాటలో చిక్కుకుని 18 మంది చనిపోయారు. ఆ తరువాత నెలలో రైల్వే మంత్రిత్వ శాఖ 73 పెద్ద స్టేషన్లలో వేచి ఉండే ఆవరణలు బయట శాశ్వతంగా కడతామని, అనధికారిక దారులు మూసి, నిర్ధారిత (కన్ఫర్మ్ అయిన) టికెట్ ఉన్నవాళ్లనే ప్లాట్‌ఫారాల మీదికి పంపుతామని, 12 మీటర్లు, 6 మీటర్ల వెడల్పు గల కొత్త వంతెనలు కడతామని ప్రకటించింది. ఇందులో వంతెనల మాట బంగారం లాంటిది. 2017లో ముంబై ఎల్ఫిన్‌స్టోన్ రోడ్ స్టేషను ఇరుకు వంతెన మీద ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయినప్పుడే చేసి ఉండవలసిన పని అది. బయట ఆవరణల మాటా సమంజసమే, అయితే వాటికి పైకప్పు, నీళ్లు, మరుగుదొడ్డి, బోర్డు ఉండాలి. వైశాఖపు ఎండలోనో కార్తీకపు వానలోనో చెన్నై రోడ్డు పక్కన కట్టిన తాడును ఆవరణ అనకూడదు. నాకు అభ్యంతరమున్నది నిర్ధారిత టికెట్ అన్న షరతును మామూలు రోజుల్లో, అన్ని స్టేషన్లలో వీధి గుమ్మం దగ్గరికి లాక్కొచ్చే ధోరణి మీద. జనరల్ టికెట్ కొనుక్కునేవాడికి నిర్ధారణ అనేదే ఉండదు, అతను ఎక్కడ నిలబడాలి?

తొక్కిసలాట జరిగిన చోట్లను వరుసగా చూడండి. 2013లో అలహాబాదు, 2017లో ఎల్ఫిన్‌స్టోన్, 2025లో న్యూఢిల్లీ: ప్రతిచోటా ప్రాణాలు పోయింది వంతెన మీదో మెట్ల దగ్గరో, అంటే దారి ఇరుకైన చోట. చదరపు మీటరుకు నలుగురైదుగురిని మించి మనుషులు చేరాక ఎవరి అడుగు వాళ్ల వశంలో ఉండదు. గేటు కూడా ఒక ఇరుకే. తెలిసి కట్టిన ఇరుకు. దాన్ని వెనక చాలినంత నేల ఉన్నచోట పెడితే జనం వరుసగా నడుస్తారు, నేల లేని చోట పెడితే మరో మెట్ల దారిని మన చేతులతో మనమే కట్టినట్టవుతుంది. హాలుకు అవతల, ప్లాట్‌ఫారం మొదట్లో గేటుంటే దాని వెనక హాలంతా ఉంది. హాలుకు ఇవతల, వీధి గుమ్మంలో ఉంటే దాని వెనక బస్సులు తిరిగే రోడ్డు ఉంది.

భద్రత అనగానే చెన్నైవాళ్లకు 2014 మే 1 గుర్తుకొస్తుంది. ఆ ఉదయం తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫారం మీద గువాహటి రైలులో బాంబులు పేలి, సెలవులకు ఇంటికి బయల్దేరిన గుంటూరు జిల్లా అమ్మాయి ఒకరు చనిపోయింది. చాలామంది గాయపడ్డారు. తెలుగువాళ్ల ఇళ్లలో ఆ వార్త ఎలా పాకిందో నాకు తెలుసు. కానీ ఆ పేలుళ్లు జరిగింది బెంగళూరు నుంచి వచ్చి ఆగిన రైలు పెట్టెల్లో. సెంట్రల్ వీధి గుమ్మం దగ్గర ఎన్ని గేట్లున్నా ఆ రైలును అడిగేవారు లేరు. సంచులు తనిఖీ చేసే యంత్రాలు వేరు, టికెట్ గేట్లు వేరు. మొదటిది ప్రమాదకరమైన వస్తువు కోసం వెతుకుతుంది, రెండోది డబ్బు కట్టని మనిషి కోసం వెతుకుతుంది. రెండింటినీ ఒకే గుమ్మంలో నిలబెట్టి రెంటికీ భద్రత అని పేరు పెట్టడం మాటల గారడీ.

దుకాణానికీ గేటుకూ ఉన్న చుట్టరికం ఇక్కడే బయటపడుతుంది. హాలును అందరికీ వదిలి గేటును లోపలికి జరిపితే, దుకాణదారుకు ప్రయాణికుడితో పాటు సాగనంపే మనిషి, ఎదురుచూసే మనిషి, ఆసుపత్రి నుంచి టీ కోసం వచ్చిన మనిషి కూడా గిరాకీయే. అతను పది రూపాయల టీ కూడా అమ్ముకోక తప్పదు, లేకపోతే జనం రోడ్డు దాటి వెళ్లిపోతారు. గేటును వీధి గుమ్మానికి తెస్తే, లోపలున్నవాళ్లు ఇక బయటికి పోలేని గిరాకీ అవుతారు, ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ వరుసలో నిలబడాలి. అప్పుడు అదే టీకి విమానాశ్రయపు ధర వస్తుంది. జపానులో గేటు లోపలే దుకాణాల బజార్లు వెలిశాయి, బాగానే నడుస్తున్నాయి కదా అని అడగవచ్చు. అక్కడ స్టేషనుకు ముందే వచ్చి గంటల తరబడి కూర్చునేవారు తక్కువ, నిమిషాల్లో రైళ్లు మారేవారు ఎక్కువ, వాళ్లకు గేటు లోపలి కొట్టు దగ్గరిదారి. సెంట్రల్లో నేల మీద కూర్చున్న ఒంగోలు రైతు కథ అది కాదు, ఆయన రైలు సాయంత్రానికి గానీ లేదు.

మెట్రో చూసి నేర్చుకోమంటారు కొందరు. సెంట్రల్ కిందే ఉన్న మెట్రో స్టేషన్లో గేట్లు చక్కగా పనిచేస్తాయి, నేనూ రోజూ వాటి గుండానే వెళ్తాను. అయిదు నిమిషాలకో పదికో బండి వచ్చే చోట ఎవరూ ఎవరినీ సాగనంపరు, మూటలు మోయరు, రాత్రంతా కూర్చోరు. ఎనిమిది గంటల ప్రయాణానికి ఆ లెక్క సరిపోదు.

ఎగ్మూరు స్టేషను పునర్నిర్మాణానికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది, పనులు నడుస్తున్నాయి. 1908 నాటి పాత భవనాన్ని ఉంచి చుట్టూ కొత్తవి కడుతున్నారు. అలాంటి చోట నన్ను అడిగేవారుంటే నేను కోరేవి పెద్ద కోరికలేమీ కావు. గేటు పెట్టాలనుకుంటే ప్లాట్‌ఫారానికి దిగే మెట్ల మొదట్లో పెట్టాలి, దాని ముందున్న హాలు వీధికి కొనసాగింపుగా ఉండాలి. దుకాణాలు గోడ పొడవునా ఎన్ని పెట్టినా సరే, నడిచే దారి మధ్యకు ఒక్కటీ రాకూడదు, వాటి ముందు నిలబడే వరుసకు కావలసిన జాగా కూడా కొట్టు అద్దెలోనే లెక్కకట్టాలి. అప్పుడు నేల విలువ దుకాణదారుకూ తెలిసి వస్తుంది. పండగ రోజుల్లో ప్లాట్‌ఫారం టికెట్లు ఆపవలసి వస్తే ఆపండి, అయితే వృద్ధులు, రోగులు, పసిపిల్లల తల్లులతో వచ్చే ఒక్కరికి మాత్రం ఆ రోజున కూడా ఇవ్వండి. ఇవేవీ కోట్ల ఖర్చుతో కూడినవి కావు. గీత ఎక్కడ గీయాలన్న తీర్మానం మాత్రమే.

పోయిన నెల పెద్దమ్మ మళ్లీ వచ్చింది, రెండో కంటి కోసం. మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరే పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు సెంట్రల్లో ఈసారి పది రూపాయలు కట్టి ఆమెతో పాటు పెట్టె దాకా నడిచాను, సంచి సీటు కింద తోసి, ఎదురు సీటు ఆవిడకు అప్పజెప్పి, రైలు కదిలాక వెనక్కి వచ్చాను. ఎండ ఇంకా దిగలేదు కనుక హాలులో గోడ పక్కన చల్లగా ఉన్న నేల చూసుకుని కూర్చున్నాను. ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకున్న ఒకాయన, నెల్లూరు యాసలోనే, మంచినీళ్లు పట్టుకొస్తానని చెప్పి తన సంచి నా పక్కన పెట్టి వెళ్లాడు. జేబులోంచి టికెట్ తీసి చూసుకుంటే, నా రెండు గంటల్లో ఇంకా గంటా పది నిమిషాలు మిగిలి ఉంది.